గడువు రాకముందే సిద్ధం కావలెను: చంద్రపూర్ తెలుగు కళాశాల విద్యార్థులకు ఒక పాఠం

పన్నెండవ తరగతి ఫలితాలు వెలువడగానే తహసీలు కార్యాలయాల వద్ద, సేతు కేంద్రాల వద్ద విద్యార్థులు బారులు తీరుతారు. ప్రవేశ దరఖాస్తుకు మిగిలి ఉండే గడువు కొద్ది రోజులే. అందుకు కావలసిన పత్రాలలో కొన్ని చేతికి రావడానికి నెలలు పట్టవచ్చును. మంచి మార్కులు తెచ్చుకొన్న విద్యార్థి కూడా ఒక కాగితం లేనందున సీటును వదులుకొనవలసి వచ్చేది ఈ సమయంలోనే. దాహం వేసినప్పుడు బావి తవ్వుట అని పెద్దలు చెప్పేది ఇటువంటి సందర్భం గురించే.

ఈ ఇబ్బంది తెలుగు కుటుంబాలకు ఒక పాలు ఎక్కువ. వారి బంధువులు, పాత రికార్డులు, కొన్నిసార్లు జనన నమోదు కూడా మరొక రాష్ట్రంలో ఉంటాయి. కార్యాలయ భాష మరాఠీ. నియమాలు రెండు రాష్ట్రాలలో రెండు విధాలు. కావున కళాశాలలో చేరబోయే, చేరిన తెలుగు విద్యార్థి ఏయే విషయాలను ముందుగా చక్కబెట్టుకొనవలెనో వివరించుట ఈ పాఠం ఉద్దేశం.

1. చంద్రపూర్ తెలుగువారు ఎవరు?

ఈ ప్రశ్న చరిత్రకు సంబంధించినదిగా కనిపించినా, విద్యార్థి పత్రాలతో దీనికి నేరుగా సంబంధం ఉన్నది.

చంద్రపూర్ జిల్లాలోని తెలుగు కుటుంబాలు స్థూలంగా రెండు విధాలు. మొదటి విధం వారు ఉపాధి కోసం వచ్చినవారు. వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ బొగ్గు గనులు, బల్లార్‌పూర్ కాగితపు మిల్లు, రైల్వే, చంద్రపూర్ ఉష్ణ విద్యుత్ కేంద్రం, వాటిని ఆనుకొని పెరిగిన వ్యాపారాలు, నిర్మాణ పనులు వారిని ఇక్కడికి తెచ్చినవి. కాజీపేట నుండి బల్లార్షాకు వచ్చే రైలు మార్గమే వారి రాకపోకల దారి.

రెండవ విధం వారు ఎక్కడి నుండీ రాలేదు. రాజురా ప్రాంతం ఒకప్పుడు హైదరాబాద్ రాష్ట్రంలోని ఆదిలాబాద్ జిల్లాలో భాగం. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు అది బొంబాయి రాష్ట్రంలో చేరి నాందేడ్ జిల్లాకు వెళ్లినది. 1959లో చాందా జిల్లాకు, అనగా నేటి చంద్రపూర్ జిల్లాకు మారినది. 1960 మే 1న మహారాష్ట్ర ఏర్పడినప్పుడు అందులో భాగమైనది. ఈ ప్రాంతపు పాత తెలుగు కుటుంబం తరతరాలుగా ఒకే ఊరిలో ఉన్నది. సరిహద్దు మాత్రమే మారినది.

తన కుటుంబం ఈ రెండింటిలో ఏ విధానికి చెందినదో, ఇక్కడ ఏ సంవత్సరం నుండి ఉన్నదో విద్యార్థి ఇంటి పెద్దలను అడిగి తెలుసుకొనవలెను. తాతగారు గనిలో చేరిన సంవత్సరం, నానమ్మ పేరిట ఉన్న పాత రేషన్ కార్డు, తండ్రి చదివిన బడి పేరు వంటి వివరాలన్నీ ముందు చెప్పబోయే పత్రాలకు ఆధారాలు.

2. ఏ రాష్ట్రపు విద్యార్థి?

మహారాష్ట్రలో నివాస ధ్రువపత్రాన్ని 'అధివాస్ ప్రమాణపత్ర' అంటారు. సాధారణంగా రాష్ట్రంలో 15 సంవత్సరాలు నివసించినట్లు ఆధారాలు చూపిన మీదట దీనిని ఇస్తారు. రాష్ట్ర కోటా సీట్లకు, పలు ఫీజు రాయితీలకు ఇది మూలాధారం.

తెలుగు ఇళ్లలో ఇక్కడ ఒక విశేషం ఉన్నది. తొలి కాన్పు పుట్టింట జరుగుట ఆచారం. తల్లిది మంచిర్యాలో, కాగజ్‌నగరో, కరీంనగరో అయినచో బిడ్డ అక్కడే పుట్టి, మూడవ నెలలోనో అయిదవ నెలలోనో చంద్రపూర్‌కు వస్తుంది. ఆ బిడ్డ ఆ తరువాత జీవితమంతా ఇక్కడే గడిపినా జనన ధ్రువపత్రంలో తెలంగాణ ఊరి పేరే ఉంటుంది. అటువంటి విద్యార్థి తన నివాసాన్ని పుట్టిన చోటుతో నిరూపించుకొనలేడు. గడిపిన సంవత్సరాలతో నిరూపించుకొనవలెను. ఒకటవ తరగతి నుండి చదివిన బడుల రికార్డులు, రేషన్ కార్డు, ఇంటి పన్ను రశీదులు, విద్యుత్ బిల్లులు, అద్దె ఒప్పందాలు అప్పుడు అక్కరకు వస్తాయి. అద్దె ఇళ్లు తరచుగా మారే కుటుంబాలు పాత రశీదులను పారవేయకుండా ఒక సంచిలో దాచుట మేలు.

ఇంతకన్న పెద్ద నిర్ణయం పదవ తరగతి తరువాత వస్తుంది. చాలా కుటుంబాలు పిల్లలను ఇంటర్మీడియట్ కోసం హైదరాబాద్‌కో, కరీంనగర్‌కో, విజయవాడకో పంపుతాయి. అక్కడ వసతితో కూడిన కళాశాలలు, పోటీ పరీక్షల శిక్షణ దొరుకుతాయన్నది వారి ఆశ. ఆ ఆశలో తప్పు లేదు. దాని పర్యవసానం మాత్రం ముందుగా తెలియవలెను.

మహారాష్ట్రలో వైద్య విద్య రాష్ట్ర కోటాకు నివాసంతో పాటు పది, పన్నెండు తరగతులు రెండూ ఈ రాష్ట్రంలోనే ఉత్తీర్ణులు కావలెనన్నది సాధారణ నియమం. తెలంగాణలో స్థానిక అభ్యర్థిగా గుర్తింపు పొందుటకు 9 నుండి 12 వరకు నాలుగు సంవత్సరాలు అక్కడే చదివి, అర్హత పరీక్షను అక్కడే ఉత్తీర్ణులు కావలెనని 2024లో నియమాన్ని సవరించినారు. సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరులో దానిని సమర్థించినది. ఆంధ్రప్రదేశ్‌లో కూడా స్థానికత ప్రధానంగా వరుసగా నాలుగు సంవత్సరాల చదువు పైననే ఆధారపడి ఉన్నది.

ఈ నియమాలను పక్కపక్కన పెట్టి చూడవలెను. పదవ తరగతి చంద్రపూర్‌లోను, ఇంటర్మీడియట్ హైదరాబాద్‌లోను చదివిన విద్యార్థిని వైద్య విద్యకు దరఖాస్తు చేసినదనుకొనవచ్చును. పన్నెండవ తరగతి ఇక్కడ చదవనందున ఆమెకు మహారాష్ట్ర కోటా దక్కదు. తొమ్మిది, పది అక్కడ చదవనందున తెలంగాణ స్థానికత దక్కదు. ఆమెకు మిగిలేవి ప్రధానంగా ప్రభుత్వ కళాశాలల అఖిల భారత కోటా 15 శాతం సీట్లు, తరువాత అధిక ఫీజుల సీట్లు. రెండు పడవలపై కాళ్లు పెట్టిన ఈ స్థితి ఆమె తప్పు వలన వచ్చినది కాదు. పదవ తరగతి సెలవులలో ఎవరూ నియమాలు చదవనందున వచ్చినది.

ఇంజనీరింగు ప్రవేశాలలో తల్లిదండ్రుల నివాసాన్ని బట్టి కొంత వెసులుబాటు ఉన్నది. కేంద్ర ప్రభుత్వ సంస్థలలో పనిచేస్తూ మహారాష్ట్రలో నియమితులైన ఉద్యోగుల పిల్లలకు ప్రత్యేక వర్గం కూడా ఉన్నది. వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ కోల్ ఇండియాకు అనుబంధ సంస్థ కనుక గని ఉద్యోగుల కుటుంబాలు దీనిని తప్పక పరిశీలించవలెను. ఇట్టి నియమాలను ప్రతి సంవత్సరం సవరించే అవకాశం ఉన్నది. ఆ సంవత్సరపు సమాచార పుస్తికను రాష్ట్ర సీఈటీ సెల్ ప్రకటించగానే అర్హతల అధ్యాయాన్ని విద్యార్థి స్వయంగా చదువుకొనవలెను. గత సంవత్సరం చేరిన అన్న మాట, కోచింగ్ కేంద్రం వారి మాట దానికి ప్రత్యామ్నాయం కావు.

తెలుగు రాష్ట్రాలలో ఇంటర్మీడియట్ ముగించి ఇక్కడి డిగ్రీ కళాశాలలో చేరేవారు బదిలీ పత్రంతో పాటు అక్కడి బోర్డు నుండి మైగ్రేషన్ ధ్రువపత్రాన్ని తెచ్చుకొనవలెను. చంద్రపూర్, గడచిరోలి జిల్లాల కళాశాలలు 2011లో ఏర్పడిన గోండ్వానా విశ్వవిద్యాలయ పరిధిలో ఉన్నవి. అంతకు ముందు ఇవి నాగ్‌పూర్ విశ్వవిద్యాలయం కింద ఉండేవి.

3. కుల ధ్రువీకరణ: సరిహద్దు దాటని హక్కు

న్యాయశాస్త్రంలో మర్రి చంద్రశేఖర రావు కేసుగా ప్రసిద్ధమైన తీర్పు ఒకటి ఉన్నది. తెనాలిలో పుట్టిన ఒక తెలుగు విద్యార్థి, తండ్రి ఉద్యోగరీత్యా బొంబాయి చేరి, అక్కడే చదివి, వైద్య కళాశాలలో షెడ్యూల్డు తెగల రిజర్వేషన్ కోరినాడు. అతని తెగ ఆంధ్రప్రదేశ్ జాబితాలో ఉన్నది. ఒక రాష్ట్రంలో గుర్తింపు పొందిన కులం లేదా తెగకు చెందిన వ్యక్తి మరొక రాష్ట్రానికి వలస వెళ్లినప్పుడు, ఆ హోదా వలన కలిగే ప్రయోజనాలు అతనితో పాటు వెళ్లవని 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పినది. 2018లో మరొక రాజ్యాంగ ధర్మాసనం ఇదే సూత్రాన్ని తిరిగి ధ్రువపరచినది.

చంద్రపూర్ తెలుగు విద్యార్థికి దీని అర్థం స్పష్టం. తండ్రికి తెలంగాణలో ఇచ్చిన కుల ధ్రువపత్రం చూపి ఇక్కడ రిజర్వేషన్ కోరుటకు వీలు లేదు. మహారాష్ట్ర జాబితాలో ఆ కులం ఉండవలెను. అంతేకాక నిర్ణీత తేదీ నాటికే కుటుంబం ఈ రాష్ట్ర ప్రాంతంలో నివసించినట్లు ఆధారం ఉండవలెను. ఆ తేదీలు ఇవి:

షెడ్యూల్డు కులాలకు 1950 ఆగస్టు 10.
షెడ్యూల్డు తెగలకు 1950 సెప్టెంబరు 6.
విముక్త జాతులు, సంచార తెగలకు 1961 నవంబరు 21.
ఇతర వెనుకబడిన తరగతులకు, ప్రత్యేక వెనుకబడిన వర్గానికి 1967 అక్టోబరు 13.

తాత 1965లో గనిలో చేరి చంద్రపూర్‌లో స్థిరపడినట్లు రికార్డు ఉన్న వెనుకబడిన తరగతి కుటుంబానికి ఒక దారి ఉన్నది. 1975లో వచ్చిన కుటుంబానికి ఆ దారి లేదు. కేవలం పది సంవత్సరాల తేడా మనుమరాలి ప్రవేశాన్ని నిర్ణయిస్తుంది. కావున తాతల నాటి ఉద్యోగ నియామక పత్రం, బడి ప్రవేశ రిజిస్టరు నకలు, జనన మరణ నమోదులు ఇంటి బంగారంతో సమానంగా భద్రపరచవలసినవి.

రాజురా ప్రాంతపు పాత కుటుంబాలకు మరొక సూచన. 1950 నాటికి వారి ఊరు హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్నందున నాటి రెవెన్యూ రికార్డులు ఉర్దూలో ఉండవచ్చును, ఆదిలాబాద్‌లో వెదకవలసి రావచ్చును. వాటికి ధ్రువీకరించిన నకలు, అనువాదం సిద్ధం చేయించుటకు సమయం పడుతుంది. ఫలితాలు వచ్చిన తరువాత మొదలుపెట్టే పని కాదిది.

కుల ధ్రువపత్రం చేతికి వచ్చుటతో పని పూర్తి కాదు. మహారాష్ట్రలో దానిని పరిశీలన సమితి విచారించి 'వైధతా ప్రమాణపత్రం' ఇవ్వవలెను. వృత్తి విద్యా ప్రవేశాలకు ఇది తప్పనిసరి. పదకొండవ తరగతిలో చేరగానే కళాశాల ద్వారా దీనికి దరఖాస్తు చేయుట ఉత్తమం. వెనుకబడిన తరగతుల వారికి నాన్ క్రీమీలేయర్ పత్రం కూడా అవసరం. దానికి కాలపరిమితి ఉన్నందున చెల్లుబాటు తేదీని గుర్తుంచుకొనవలెను.

ఏ రిజర్వేషనూ వర్తించని కుటుంబం నిరాశ పడనక్కరలేదు. నివాసాన్ని, ఆదాయాన్ని ఆధారంగా చేసుకొన్న సహాయాలు వేరుగా ఉన్నవి. తప్పుడు పత్రం సంపాదించి ఇస్తామనే దళారిని మాత్రం గడప ఎక్కనీయరాదు. అట్టి పత్రం ఎప్పుడు బయటపడినా ప్రవేశం రద్దవుతుంది, శిక్ష కూడా పడవచ్చును. చదివిన సంవత్సరాలు వృథా అవుతాయి.

4. పేరు ఒక్కటే కావలెను

తెలుగువారు ఇంటిపేరును ముందు వ్రాస్తారు. తరచుగా ఒక పొడి అక్షరంగా కుదిస్తారు. మహారాష్ట్రలో సొంత పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు అనే మూడు భాగాలు ఉంటాయి. దరఖాస్తులలో ఇంటిపేరును 'ఆడనావ్' అని అడుగుతారు. పెళ్లయిన స్త్రీకి మధ్య భాగంలో భర్త పేరు వస్తుంది.

దీనివలన ఒకే విద్యార్థి పేరు ఆధార్‌లో ఒక విధంగా, బడి రికార్డులో మరొక విధంగా, బ్యాంకు ఖాతాలో ఇంకొక విధంగా ఉండుట తెలుగు ఇళ్లలో సాధారణం. తండ్రి పేరు ఒక చోట 'రాజయ్య', మరొక చోట 'రాజన్న' అని ఉంటుంది. బడిలో వ్రాసుకొన్న గుమాస్తా తెలుగు ఇంటిపేరును తనకు వినిపించినట్లు వ్రాసి ఉంటాడు. ఉపకార వేతనం ఖాతాలో పడకపోవుటకు, పత్రాల పరిశీలనలో అభ్యంతరం రావుటకు ఇది తరచుగా కారణమవుతుంది.

పదవ తరగతి పరీక్షా దరఖాస్తు నింపే ముందు పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ ఒకే విధంగా ఉన్నవో లేదో సరిచూచుకొనుట అన్నిటికన్న సులభమైన మార్గం. బడి విడిచిన తరువాత సవరణ కష్టసాధ్యం. అప్పటికే ఆలస్యమైనచో ప్రతిజ్ఞాపత్రం, అవసరమైనచో మహారాష్ట్ర రాజపత్రంలో పేరు మార్పు ప్రకటన చేయించి, ఆ ప్రతిని అన్ని పత్రాలతో కలిపి ఉంచవలెను. పదవ తరగతి మార్కుల పత్రంలో ఉన్న పేరునే ప్రమాణంగా తీసుకొని ఆధార్‌ను, బ్యాంకు ఖాతాను దానికి అనుగుణంగా మార్చుకొనుట మంచి పద్ధతి.

5. కార్యాలయ మరాఠీ

చంద్రపూర్‌లో పెరిగిన తెలుగు పిల్లలు బజారు మరాఠీని చక్కగా మాట్లాడుతారు. కార్యాలయ మరాఠీ వేరు. ఆ మాటలలో చాలా వరకు సంస్కృత మూలాలే కనుక తెలుగువారికి సగం దారి ముందే తెలిసి ఉంటుంది. 'ళ', 'ణ' పలుకుటకు కూడా తెలుగు నాలుక తడబడదు.

తరచుగా ఎదురయ్యే మాటలు ఇవి. 'దాఖ్‌లా' అనగా ధ్రువపత్రం. 'ఉత్పన్నాచా దాఖ్‌లా' ఆదాయ ధ్రువపత్రం. 'రహివాసీ దాఖ్‌లా' నివసిస్తున్నట్లు తెలిపే పత్రం. అది 'అధివాస్ ప్రమాణపత్రం'తో సమానం కాదు. 'శాళా సోడల్యాచా దాఖ్‌లా' బడి విడిచిన పత్రం. 'జాత్ పడతాళణీ' కుల ధ్రువీకరణ విచారణ. 'శిష్యవృత్తీ' ఉపకార వేతనం. 'ముదత్' గడువు. 'పోచ్‌పావతీ' దరఖాస్తు అందినట్లు ఇచ్చే రశీదు. 'తలాఠీ' గ్రామ రెవెన్యూ ఉద్యోగి. 'సాత్‌బారా' భూమి హక్కు పత్రం.

కొన్ని మాటలు తెలిసినట్లే ఉండి దారి తప్పిస్తాయి. మరాఠీలో 'శిక్షణ్' అనగా విద్య. తెలుగులో శిక్షణ అనగా తర్ఫీదు. మరాఠీలో 'అభ్యాస్' అనగా చదువుట. తెలుగులో అభ్యాసం అనగా సాధన. 'ఉత్పన్న' అనగా అక్కడ ఆదాయం. ఇట్టి పదాలను ఒక చిన్న పుస్తకంలో వ్రాసుకొనే విద్యార్థి ఒక సంవత్సరంలోనే తన దరఖాస్తును తానే నింపుకొనగలుగుతాడు.

కార్యాలయంలో అడుగవలసిన మాటలు కూడా నేర్చుకొనవలెను. మహారాష్ట్ర లోకసేవా హక్కు చట్టం 2015లో అమలులోకి వచ్చినది. దాని ప్రకారం ప్రకటిత సేవలను నిర్ణీత గడువులో ఇచ్చుట కార్యాలయాల బాధ్యత. 'ఆపలే సర్కార్' పోర్టల్‌లోనో, సేతు కేంద్రంలోనో దరఖాస్తు చేసినప్పుడు సంఖ్యతో కూడిన రశీదు తప్పక తీసుకొనవలెను. గడువు దాటినచో, కారణం లేక తిరస్కరించినచో అప్పీలు చేసే హక్కు ఉన్నది. రశీదు లేనివానికి ఆ హక్కు ఉన్నా ఉపయోగపడదు.

6. ఫీజు, సహాయం, అప్పు

మహారాష్ట్రలో ఉపకార వేతనాలకు, ఫీజు రాయితీలకు 'మహాడీబీటీ' పోర్టల్ ప్రధాన ద్వారం. 2024-25 విద్యా సంవత్సరం నుండి కుటుంబ వార్షికాదాయం 8 లక్షల రూపాయల లోపు ఉన్న ఆర్థికంగా బలహీన, సామాజికంగా వెనుకబడిన, ఇతర వెనుకబడిన వర్గాల బాలికలకు, కేంద్రీకృత ప్రవేశం ద్వారా చేరిన వృత్తి విద్యా కోర్సులలో బోధనా, పరీక్షా రుసుములు పూర్తిగా మినహాయించినారు. ఆడపిల్లను ఖర్చుకు వెరచి చిన్న కోర్సులో చేర్పించే తల్లిదండ్రులు ముందు ఈ అర్హతను చూడవలెను. ఇట్టి సహాయాలకు నివాస, ఆదాయ పత్రాలు కావలెను. ఆధార్‌తో అనుసంధానమైన బ్యాంకు ఖాతా విద్యార్థి పేరిటనే ఉండవలెను. ప్రతి సంవత్సరం పునరుద్ధరణ దరఖాస్తు మరచినచో ఆ సంవత్సరపు సహాయం ఆగిపోతుంది.

విద్యా రుణం అవసరమైనచో బ్యాంకుల సాధారణ పథకంలో 7.5 లక్షల వరకు ఆస్తి తనఖా అడుగరు. చదువు ముగిసిన ఒక సంవత్సరం వరకు వాయిదాలు మొదలు కావు. వడ్డీ మాత్రం మొదటి రోజు నుండే పెరుగుతుంది. చదివే కాలంలో నెలనెలా వడ్డీ వరకైనా చెల్లించగలిగిన కుటుంబానికి తరువాతి భారం చాలా తగ్గుతుంది.

ఫోనులో క్షణాలలో అప్పు ఇచ్చే యాప్‌ల జోలికి పోరాదు. రెండు వేల రూపాయల అవసరానికి ఫోనులోని పేర్లు, ఫొటోలు అన్నిటినీ అపరిచితులకు అప్పగించుట ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. మరొక ఉచ్చు ఇంకా ప్రమాదకరం. కొంత కమీషన్ ఇస్తామని చెప్పి విద్యార్థుల బ్యాంకు ఖాతాను, ఏటీఎం కార్డును, సిమ్ కార్డును వాడుకొనేవారు ఉన్నారు. ఆ ఖాతా గుండా మోసపు సొమ్ము వెళ్లినప్పుడు పోలీసులు మొదట వచ్చేది ఖాతాదారు ఇంటికే. సొమ్ము స్వీకరించుటకు యూపీఐ పిన్ అవసరం లేదు. పిన్ అడిగినచో సొమ్ము పోవుటకే అని తెలుసుకొనవలెను. మోసపోయినచో సిగ్గుపడి దాచకుండా వెంటనే 1930కు ఫోను చేయవలెను. ఎంత త్వరగా చెప్పినచో సొమ్ము ఆగే అవకాశం అంత ఎక్కువ.

7. ఇంటి గుమాస్తా

వలస కుటుంబాలలో చదువుకొన్న బిడ్డపై ఎవరూ పేరు పెట్టని ఒక ఉద్యోగం పడుతుంది. తండ్రికి మరాఠీ చదవరాదు. తల్లికి ఆసుపత్రిలో చెప్పుకొనరాదు. రేషన్ దుకాణం, బ్యాంకు, విద్యుత్ కార్యాలయం, చెల్లెలి బడి, మామగారి పింఛను, పక్కింటివారి దరఖాస్తు అన్నీ ఆ విద్యార్థి చేతికే వస్తాయి. పదిహేడేళ్లకే ఇంటి గుమాస్తా అవుతాడు, లేదా అవుతుంది.

ఈ పని గౌరవప్రదమైనది. ఇందువలన వచ్చే ధైర్యం, లోకజ్ఞానం ఏ కళాశాలలోనూ దొరకవు. అయితే దీని ఖరీదు హాజరులో కనిపిస్తుంది. పరీక్షకు అనుమతించుటకు సాధారణంగా 75 శాతం హాజరు కావలెను. వారానికి ఒక రోజు కార్యాలయాల చుట్టూ తిరిగినచో ఆరు పని దినాలలో ఒకటి పోయినట్లే. దానికి జ్వరాలు, పెళ్లిళ్లు, మేడారం ప్రయాణాలు తోడైనప్పుడు హద్దు దాటుట ఎంతోసేపు పట్టదు.

ఇందుకు ఇంటిల్లిపాదీ కూర్చుని ఒక ఏర్పాటు చేసుకొనవలెను. అత్యవసరం కాని పనులన్నిటినీ ఒక జాబితాగా వ్రాసి, తరగతులు లేని ఒక పూటకు పెట్టవలెను. ఆన్‌లైన్‌లో జరిగే పనికి సెలవు పెట్టరాదు. తమ్ముడికో చెల్లెలికో ఒక్కొక్క పని అప్పగించి నేర్పవలెను. అమ్మకు బ్యాంకు చీటీ నింపుట, నాన్నకు రశీదు అడిగి తీసుకొనుట నేర్పినచో అది వారికి గౌరవం, బిడ్డకు ఊరట. "నాన్నా, బుధవారం ప్రయోగశాల తరగతి ఉన్నది, గురువారం మధ్యాహ్నం వెళ్దాం" అని మర్యాదగా చెప్పుట ఎదిరించుట కాదు. తల్లిదండ్రులకు కళాశాల కాలపట్టిక తెలియదు. దానిని గోడకు అతికించి వివరించుట విద్యార్థి పని.

8. దేహం, మనసు, రక్షణ

చంద్రపూర్ వేసవిలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటుట సాధారణం. వార్షిక పరీక్షలు, ప్రవేశ పరీక్షలు వచ్చేది ఆ నెలలలోనే. ప్రవేశ పరీక్షా కేంద్రం ఎక్కడ ఉన్నదో ముందు రోజే చూచి రావలెను. ఖాళీ కడుపుతో ఎండలో బయలుదేరరాదు. అంబలి, మజ్జిగ, ఉప్పు కలిపిన నీరు తెలుగు ఇళ్లకు కొత్తవి కావు. తల తిరిగి, చెమట ఆగి, ఒళ్లు కాలిపోతున్నచో అది వడదెబ్బ లక్షణం. వెంటనే నీడకు చేర్చి, ఒంటిని తడిపి, ఆసుపత్రికి తీసుకొనిపోవలెను.

ఇంటికి దూరంగా వసతిగృహంలో ఉండే విద్యార్థిని భాషను బట్టి, ఊరిని బట్టి, కులాన్ని బట్టి ఎగతాళి చేసి వేధించుట కూడా ర్యాగింగే. మహారాష్ట్రలో 1999 నుండి దీనిపై ప్రత్యేక చట్టం ఉన్నది. కళాశాలలోని సమితికి వ్రాతపూర్వకంగా చెప్పవచ్చును. జాతీయ సహాయ సంఖ్య 1800-180-5522కు ఫోను చేయవచ్చును. నిద్ర పట్టక, తినబుద్ధి కాక, బ్రతుకు బరువనిపించే రోజులు వరుసగా వస్తే 14416కు ఫోను చేసి మాట్లాడవచ్చును. ఇది కేంద్ర ప్రభుత్వపు ఉచిత మానసిక ఆరోగ్య సేవ. ఒక సెమిస్టరులో తప్పిన విద్యార్థికి మళ్లీ వ్రాసే అవకాశం ఉంటుంది. ఇంట్లో ఆ మాటను మొదట తల్లిదండ్రులే చెప్పినచో బిడ్డకు సగం భయం తీరుతుంది.

9. పద్దెనిమిది నిండినప్పుడు

కళాశాల మొదటి సంవత్సరాలలోనే విద్యార్థికి 18 నిండుతాయి. ఇప్పుడు ఓటరు నమోదుకు సంవత్సరంలో నాలుగు అర్హతా తేదీలు ఉన్నవి: జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1. ఫారం 6 నింపి నివసిస్తున్న చోట నమోదు చేసుకొనవచ్చును. తాత ఊరిలో ఒకటి, చంద్రపూర్‌లో ఒకటిగా రెండు చోట్ల పేరు ఉండుట చట్టవిరుద్ధం. సరిహద్దు గ్రామాల నుండి వచ్చిన విద్యార్థులు ఈ విషయంలో మరింత జాగ్రత్త వహించవలెను. చంద్రపూర్ మహానగరపాలిక 2011లో ఏర్పడినది. వీధి దీపం, కుళాయి, మురుగు కాలువ గురించి ప్రశ్నించే పౌరుడిగా ఈ నగరపు ఓటరు జాబితాలో పేరు ఉండుట తొలి మెట్టు.

సారాంశం

పదవ తరగతి ముందు పేర్లను సరిచేసుకొనవలెను. పదవ తరగతి తరువాత ఏ రాష్ట్రంలో చదువవలెనో స్థానికత నియమాలు చదివి నిర్ణయించుకొనవలెను. పదకొండవ తరగతిలో నివాస, కుల, వైధతా పత్రాలకు దరఖాస్తు చేయవలెను. పన్నెండవ తరగతిలో ఆదాయ పత్రం, బ్యాంకు ఖాతా సిద్ధం చేసుకొనవలెను. కళాశాలలో హాజరును, ఆరోగ్యాన్ని, ఖాతాను కాపాడుకొనవలెను.

ఇంట్లో చేయవలసిన అభ్యాసం

1. కుటుంబం చంద్రపూర్ జిల్లాలో ఏ సంవత్సరం నుండి ఉన్నదో పెద్దలను అడిగి, దానికి ఆధారమైన అన్నిటికన్న పాత కాగితాన్ని వెదకి తీయవలెను.

2. ఇంట్లోని ప్రతి ఒక్కరి పేరు ఆధార్, రేషన్ కార్డు, బడి రికార్డు, బ్యాంకు ఖాతాలలో ఎట్లు ఉన్నదో నాలుగు గడుల పట్టికలో వ్రాయవలెను. తేడా ఉన్నచోట గుర్తు పెట్టవలెను.

3. పత్రాలన్నిటికీ రెండేసి నకళ్లు తీయించి, ఒకటి ఇంట్లోను, ఒకటి విద్యార్థి వద్దను ఉంచవలెను. డిజిలాకర్‌లో దొరికే వాటిని అందులో భద్రపరచవలెను.

4. పై పాఠంలోని మరాఠీ మాటలను తల్లిదండ్రులకు చదివి వినిపించి, ఒక్కొక్క మాటకు ఇంట్లో ఉన్న కాగితాన్ని చూపించవలెను.

ఈ నాలుగు పనులకు ఒక ఆదివారం చాలును. ఆ ఆదివారం ఫలితాలు వెలువడే వారానికి ఒక సంవత్సరం ముందే వచ్చినచో, బారులో నిలబడే రోజున విద్యార్థి చేతిలో కావలసిన కాగితం ఉంటుంది.